పల్లేరు కషాయం

వఫ్రా ఆరోగ్యకేంద్రంలో నా పని
నరం దొరికించుకోవడం.
ఎండకు తోలైపోయిన మోచేతుల మీద
రెండు వేళ్ళతో తట్టి, వెతికి
"పిడికిలి బిగించన్నా" అంటాను.
తెలుగు వినబడగానే కొందరు
సూది సంగతి మర్చిపోతారు.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా
అరవై మూడు మంది.
పొద్దున తూకం, సాయంత్రం తూకం.
మధ్యలో తరిగిన కిలోన్నర ఎటు పోయిందో
అందరికీ తెలుసు, ఇన్నాళ్ళూ ఎవరూ రాయలేదు.
మిట్టమధ్యాహ్నం బయట పని కూడదని కాగితముంది.
టమాటా గుడారం లోపల
బయట కాదంట.
షుగరు లేదు, బీపీ లేదు,
ముప్పై రెండేళ్ళకే మూత్రపిండాలు
పిండి పారేసిన వడపోత గుడ్డలు.

డాక్టర్ ఇల్హామ్‌ది సూడాన్.
గోడ మీద తోటల పటం పెట్టి
క్రియాటినిన్ పెరిగిన చోటల్లా ఎర్ర గుండుసూది గుచ్చేది.
ఆగస్టుకల్లా పటానికి తట్టు పోసింది.
ఒక్క పదకొండో నంబరు తోట
నున్నగా మిగిలింది.

"అక్కడేముంది? అడుగు" అంది.

ఓబులేసుది చిట్వేలు పక్క పల్లె.
జేబులోంచి తీసి నా చేతిలో పోశాడు,
పల్లేరు కాయలు.
"యాడివి ఇవి?"
"ఈడివే అక్కా, పంపుసెట్టు ఎనకాల ఇసకలో.
మన ముల్లే. చెప్పులోకి దిగినాక గుర్తుపట్నా."
నీరుకట్టుకు వాళ్ళ నాయన ఇదే ఇచ్చేవాడంట.
పిడికెడు కాయలు నలగ్గొట్టి, దాకెడు నీళ్ళు పోసి
సగానికి మరిగించాలి.
"సగమైతే ఇంతమందికి యాడ సాలేది?
నీళ్ళు దండిగా పోసేస్తా."
పదింటికి, ఒంటిగంటకి, మూడింటికి
మనిషికి రెండు లోటాలు.

ఇల్హామ్ కాయను వేళ్ళ మధ్య తిప్పి, గుచ్చుకుంటే నవ్వింది.
వాళ్ళమ్మమ్మ తుమ్మబంక నానబెట్టి తాగించేదట,
వైద్యం చదివే రోజుల్లో ఆ మాట
ఎవరికీ చెప్పలేదట.
ఫారంలో ఇరవై ఏడో ప్రశ్న, నాటుమందు వాడతారా?
అవును దగ్గర టిక్కు పెట్టింది.
పెన్ను అక్కడే ఆగింది.

"ఎక్కడ తాగుతారు?"
"ట్యాంకు నీడన."
"ఎంతసేపు?"
"సల్లారేదాకా."
"ఫోర్‌మన్ ఊరుకుంటాడా?"
ఓబులేసు నా ముఖం చూశాడు,
ఇది అరబ్బీలోకి పోవాలా వద్దా అన్నట్టు.
"నీళ్ళకని లేస్తే తిడతాడు.
మందుకని లేస్తే ఏమీ అనడు.
వాళ్ళమ్మకీ ఇదే జబ్బంట,
సీసాకు పోయించుకుని పోతాడు."

మార్చి చెప్పాను.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు.
ముల్లా, నీడా, నీళ్ళా,
చల్లారడానికి పట్టే ఆ పావుగంటా?
తేల్చాలంటే ఒక గుంపుకు కషాయం ఇవ్వాలి,
ఒక గుంపుకు ఉత్త వేన్నీళ్ళు,
ఒక గుంపును ఏమీ ఇవ్వకుండా అట్లాగే ఉంచాలి.
మూడో గుంపు మనకు ఉంది కదా అన్నాను,
పటం వైపు చూసి.

గురువారం ఓబులేసు రిపోర్టు వచ్చింది.
రెండు పాయింట్ తొమ్మిది.
పదకొండులోకి వచ్చింది నిరుడేనంట.
అంతకుముందు తొమ్మిదేళ్ళు నాలుగో నంబరులో చేశాడు.
"ఆడ ఈ ముల్లు అగుపడ్లా అక్కా" అన్నాడు,
తప్పంతా తన కంటిదే అయినట్టు.
"ఇంకో పిడికెడు ఎక్కువేస్తే?"

అరబ్బీ, హిందీ, తెలుగు
మూడూ వచ్చు నాకు.
దూది అదిమి పట్టుకోమన్నాను.

సాయంత్రం బస్సు దగ్గర బూటు కింద ఏదో పొడిచింది.
గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి పీకాను.
పారేయబుద్ధి కాలేదు.
ఖాళీ శాంపిల్ సీసాలో వేసి మూత బిగించి
పేరు రాసే గీత మీద ఏం రాయాలో తోచక
తేదీ రాశాను.