సూద్దాం

తాత పేరే పెట్టుకున్నం, జంగయ్య అని.
గురక గూడ తాతదే వచ్చిందని
ఇంట్ల అందరు నవ్విన్రు.
నేనూ నవ్విన.
రెండేండ్ల పిలగాని గురక ముద్దుగనే ఉంటది గద,
నడుమ ఆగేదాంక.

నల్లగొండల డాక్టరమ్మ నోరు తెరిపించి సూసింది.
గొంతుల గడ్డలు జరంత పెద్దగున్నయన్నది,
ముక్కెనుక కండ గూడ జరంతనే.
"కోసుడు గీసుడు ఇప్పుడేం వద్దమ్మా,
తింటున్నడు, ఆడుతున్నడు, బరువు పెరుగుతున్నడు.
పెరిగిన కొద్ది గాలి తొవ్వ ఎడల్పయితది.
ఆర్నెల్లు సూద్దాం."

సూద్దాం.
ఆమెకది చీటీ మీద చివరి మాట.
నాకు రాత్రి డ్యూటీ.

పొద్దంత దేవరకొండ బస్సుల కండక్టర్ని.
కొండమల్లేపల్లి, గుర్రంపోడు, కనగల్లు.
ఎవలన్న దిగుతుంటే ఓపిక పట్టి
కాలు నేల మీద పడ్డంకనే రైట్ అంటా.
రాత్రి గూడ గంతే.
జీరో బల్బు ఎలుగుల
వాని పక్కటెముకల సందు లోపలికి గుంజుకపోతది,
గురక టక్కున ఆగుతది.
ఒకటి.
రెండు.
మూడు.
గోడ మీది బల్లి సుత కదలదు.
ఐదు...
తల ఎనక్కి ఏసి, గుటకేసి,
ఒక్కసారి గాలి గుంజుకుంటడు.
రైట్ రైట్ అనుకుంటా లోపల్నే.
నా ఊపిరి గూడ అప్పటిదాంక పట్టుకున్నట్టు
అప్పుడు ఎర్కైతది.

టికెట్ మిషన్ రోలు అయిపోవస్తే
అంచుకు ఎర్ర గీత పడ్తది.
ఆ మిగిలిన ముక్కల మీదనే రాస్తున్న:
సోమారం తొమ్మిది సార్లు. మంగళారం నాలుగు.
బుధారం జలుబు, లెక్క తప్పిన.
శుక్రారం ఆరు, మెడ కింద చెమట.
దినాం డిపోల పైసకు పైస అప్పజెప్పేదాన్ని,
ఈ లెక్క ఒక్కనాడు కుదరదు.

మా ఆయన అంటడు,
"డాక్టరే ఏం గాదన్నంక నువ్వెందుకు మేల్కొనుడు?"
ఏం గాదన్లే, సూద్దామన్నది.
ఆ రెండు మాటల నడుమ ఎంత దూరమో
అటు తిరిగి పండుకున్నోనికి ఎట్ల చెప్పాలె.

మొన్న గుర్రంపోడు కాడ ఎక్కినామె ఒళ్లె
బిడ్డ నోరు తెర్సుకోని నిద్రపోతున్నది.
టికెట్ కొట్టుడు మర్శి నిలవడ్డ.
"ఏందమ్మా?" అన్నదామె.
"ఏం లేదు. చిల్లర ఉన్నదా?"

డాక్టరమ్మ ఇచ్చిన తారీఖుకు ఇంక నాల్గు నెలలున్నది.
నిన్న రాత్రి రెండే సార్లు ఆగిండు.
లేకుంటే నాకే
రెండింటి తర్వాత కన్నంటుకున్నదో.