కిలో పద్నాలుగు

ఆదోని యార్డులో
పత్తి బోరెం ఎత్తితే చాలు
ఎన్ని కిలోలో నా భుజం చెప్తుంది.
కాటా తర్వాత చెప్తుంది, అదే మాట.
ఈ భుజానికి తెలియని బరువొకటి
మౌలాలి పాత సామాన్ల అంగట్లో దొరికింది.

రైలు గేటు పక్కన రేకుల షెడ్డు.
ముందర సొట్టబోయిన బిందెలు, సైకిల్ రిమ్ములు.
వెనక గోడకానించి పుస్తకాలు.
గైడ్లు ఒక కుప్ప, పంచాంగాలు ఒక కుప్ప,
కథలు, నవలలు, ఇంకా ఏందేందో ఒక కుప్ప.
అన్నింటికీ ఒకటే రేటు, కిలో పద్నాలుగు.
"మంచియా చెడ్డయా నాకు తెల్దప్పా,
తడిసినయా ఎండినయా, అదొకటి చూస్తా"
అంటాడు మౌలాలి.

ఆదివారం యార్డు ఉండదు.
ఉగ్గాని బజ్జి తిని, చేతులు రెండుసార్లు కడుక్కుని పోతా.
నూనె చేత్తో పేజీ ముడితే మౌలాలి ఊరుకోడు.
కిలోల లెక్కన అమ్మేటోడే,
వాళ్ల నాయన నేర్పిన మర్యాద అది.

కుప్ప ముందర గొంతుక్కూర్చుంటా.
అట్ట చూడను.
అట్ట అబద్ధమాడుతుంది, పైగా బరువు.
నడిమధ్యన తెరుస్తా, ఒక పేజీ చదువుతా.
రెండో పేజీ ఎప్పుడు తిప్పినానో
నాకే తెలియకపోతే
అది పక్కన పెడతా.

కవిత్వం చవక.
సన్నటి పుస్తకం, నూరు గ్రాములు తూగదు.
మౌలాలి రూపాయి తీసుకుంటాడు,
ఒక్కోసారి అదీ తీసుకోడు.
అట్లాంటిదొకటి నాలుగు నెలల నుంచి చదువుతున్నా,
ఇంకా అయిపోలేదు.

నవలలు బరువే, కానీ చివరి పేజీలుండవు.
శెనక్కాయల పొట్లాలకు పోయుంటాయి.
అప్పుడు లైటార్పి పడుకొని
నేనూ ఉరుకుందమ్మా ముగింపు కడతాం.
నేను ఆ పిల్లను మొగుని దగ్గరికి తెస్తా.
ఉరుకుందమ్మ తేనియ్యదు.
"దానికాడ ఉద్యోగముంది, ఎందుకొస్తుంది?"

పేజీల అంచుల్లో మనుషులుంటారు.
ఒకాయన ఎర్ర సిరాతో అచ్చుతప్పులన్నీ దిద్దినాడు.
"హంతకుడు కాంపౌండరే" అని
పదకొండో పేజీలోనే రాసిపెట్టినాడొకడు,
వాని చెయ్యిరగ.
వి. లలితాబాయి, ఎనిమిది బి,
తన పేరు ఏడుచోట్ల రాసుకుంది, ఎవరూ ఎత్తుకపోకూడదని.
నా దగ్గర భద్రంగా ఉందమ్మా.

మొన్న శ్రావణంలో ఒకటి దొరికింది.
మూడు వందల గ్రాములు, నాలుగు రూపాయలు.
లోపల గుండ్రటి ఊదా ముద్ర, శాఖా గ్రంథాలయం.
వెనకట్టకు అతికించిన చీటీ:
ఈ దిగువ తేదీలోగా తిరిగి ఇవ్వవలెను.
చివరి తేదీ ఎనభై తొమ్మిది, మార్చి ఆరు.

నిద్ర పట్టలేదు.
ఆ గ్రంథాలయం గోడ పక్కనే
ఇరవై ఏండ్లు బోరేలు మోసినా.
ఇస్త్రీ చొక్కాలోళ్లది అనుకున్నా,
లోపలికి పోతే టికెట్టు అడుగుతారనుకున్నా.

తలకంటిన దూది దులుపుకొని పోయినా.
హేమావతి మేడం చీటీ చూసింది, నన్ను చూసింది.
"అప్పటికి నేను పుట్టలేదన్నా" అన్నది.
జరిమానా ఎంతమ్మా అని
మడతల యాభై బల్ల మీద పెట్టినా.
దినానికిన్ని పైసలని లెక్క మొదలుపెట్టి
నవ్వాపుకోలేక పెన్ను కింద పెట్టింది.
ఆ యాభైకే కార్డు రాసింది.
"ఇది డిపాజిట్టు, కార్డు వద్దంటే తిరిగిస్తాం."
మరి చదివేదానికి?
"చదివేదానికి ఏం లేదు."

తిక్కయ్య, హమాలీ, అని నీలం అక్షరాలు.
చుట్టూ బీరువాలు,
చివరి పేజీలతో సహా.

మౌలాలికి చెప్తే నమ్మలేదు.
"ఊరికే ఇస్తారా? మళ్లీ తీసుకుంటారా?
అదేం యాపారమప్పా!"
ఆదివారం అతని దగ్గరికీ పోతున్నా.
కుప్పలో ఏముందో చూడకుంటే చెయ్యి ఊరుకోదు.

ఇంటికొచ్చినంక గుర్తొచ్చింది.
తిరిగిచ్చిన పుస్తకంలో
చివరి అధ్యాయం నేను చదవనేలేదు.
మరుసటి దినం కాటాలు ఆగంగానే పరిగెత్తినా.
మేడం ముద్రను సిరా గుడ్డకు ఒత్తి
మార్చి ఆరు కింద ఇంకో తేదీ కొట్టింది.
పదైదు దినాల గడువు.

ఉరుకుందమ్మ మాత్రం
చివర ఏముందో చెప్పొద్దంటుంది,
ముందు తను కట్టింది వినాలంట.