పాలు తాగాకే

డైపర్ మీద ఎర్రటి చుక్క,
గురివింద గింజంత.
లీడియా దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది.
జనవరిలో టార్టుకి వెలుగు
పొద్దున పదింటికి గానీ రాదు.
రెండో రోజు రెండు చుక్కలు.
మూడో రోజు లెక్కపెట్టలేదు.

దారమంత కెమెరాతో లోపలికి చూసొచ్చి
డాక్టర్ మారికా కాగితం మీద గీసింది:
ఉచ్చ వచ్చే దారిలో, గోడకి ఆనుకుని,
ఒకదాన్నొకటి పెనవేసుకున్న రక్తనాళాల ముడి.
"క్యాన్సర్ కాదు" అంది ముందు.
తరవాతి మాటలు సగమే విన్నాం.
కోస్తే ఆ సన్నదారి మూసుకుపోవచ్చట.
"చర్మం మీద వచ్చేవి ఈ మందుకి కరిగాయి.
ఇక్కడ వచ్చింది చూడ్డం నాకిదే మొదలు.
మాటివ్వలేను."

ప్రొప్రనొలాల్.

ఆ పేరు నాకు చదివి చెప్పక్కర్లేదు.
పదకొండేళ్ళుగా నా హార్న్ పెట్టెలో
నూనె సీసా కింద, గుడ్డలో చుట్టి ఉంది.
తెర లేవడానికి గంట ముందు ఒక మాత్ర,
పెదవి వణక్కుండా,
గుండె చెవుల్లోకి ఎక్కకుండా.
గురివింద తన నలుపెరగదంటారు.
నేనెరుగుదును. అందుకే మూత.

ఇప్పుడదే మందు, సిరంజిలో గీత దాకా.
పాలు తాగాకే వెయ్యాలి,
లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది.
అర్ధరాత్రి రూబెన్‌ని లేపి తాగిస్తుంది తను.
నాడి చూడ్డం నా వంతు.
ఆర్కెస్ట్రాలో నాలుగో హార్న్‌ని,
వాయించే దానికన్నా
ఊరుకుని లెక్కపెట్టడమే నా ఉద్యోగం.

ఓ రాత్రి మందు పెట్టెలోని చీటీ విప్పి
పైకి చదివింది లీడియా:
"గుండెదడకీ, కంగారుకీ కూడా వాడతారట."
"తెలుసు" అన్నాను.
తల తిప్పి హార్న్ పెట్టె వైపు చూసింది.
చాలాసేపు.
వాడు గుటకల మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు.

"అయితే చెప్పు,
వీడెందుకు ఉమ్మేస్తున్నాడు?"

"చేదు," అన్నాను. "నాలిక వెనక నిలబడిపోతుంది.
బుగ్గ పక్కనుంచి పొయ్యి."

పోసింది. మింగాడు.

ఎమాయోగి మీద మంచు పెళ్ళలు
ఒకదానికొకటి తగులుతూ పోతున్నాయి.
మే నెలలో మళ్ళీ కెమెరా.
ఈ వారం చుక్క లేదు,
వచ్చే వారం సంగతి తెలీదు.
కిటికీ దగ్గర ఇద్దరం తలలు ఆనించి
తడి డైపర్ని వెలుగుకి ఎత్తి చూస్తున్నాం:
పసుపు.
ఉత్త పసుపు.