ఏకిన మాట

మా నాన్న దూది విల్లు కొడుతుంటే
ఇంట్లో ఇంకో శబ్దానికి చోటుండేది కాదు.
టంయ్ టంయ్‌మని నరం మోగేది,
నూగు గాల్లోకి లేచేది,
అమ్మ పిలిచినా, పొయ్యి మీద ఎసరు పొంగినా
ఆ మోతలో కలిసిపోవాల్సిందే.

చీమకుర్తిలో అప్పటికింకా కొండని ఇంత లోతుకి తవ్వలేదు.
సాయంత్రం ఒక్క పేలుడు, అంతే.

కాశింబక్క నాకంటే నాలుగేళ్లు పెద్ద.
మోతలోంచి మాట దాటించే విద్య ఆమెదే.
ప్రతి అక్షరం ముందూ ఒక "క" నిలబెట్టేది,
వాగు దాటే పిల్లల చేతికి కర్ర ఇచ్చినట్టు.
"కపై కసా కదా కచా."
పైసా దాచింది. నాకర్థమైంది.
నాన్న తలెత్తలేదు, విల్లు ఆపలేదు.
"కఎ కక్క కడ?" అన్నాడు.

ఆ రాత్రే అక్క తాళం మార్చింది.
సోమవారం క, మంగళవారం చ,
బుధవారం ట, గురువారం త,
శుక్రవారం ప.
శని ఆదివారాలు వట్టి తెలుగు,
అప్పటికి పైసలు అయిపోయేవి.
నాన్న మళ్లీ మమ్మల్ని పట్టుకోలేదు,
లేకపోతే పట్టుకునే ఊరుకున్నాడో.

ఇరవై రెండేళ్లు సిగ్నల్స్‌లో చేశాను.
ఏం చేశానో చెప్పనని సంతకం పెట్టాను,
కాబట్టి దూది గురించి చెబుతాను.

పిడికెడు దూదిని ఉండ చేస్తే
చీకట్లో కూడా చేతికి తగులుతుంది.
అదే పిడికెడు ఏకితే గది నిండుతుంది,
ఎంత పల్చగా అంటే
ఉందని తెలిసినవాడికే ఉంటుంది.
మేం మాటని అలా ఏకి పైకి వదిలేవాళ్లం.
ముప్పై ఆరువేల కిలోమీటర్ల ఎత్తున
కదలకుండా నిలబడ్డ ఒక గిన్నె
దాన్ని పట్టి కిందికి దించేది.
అవతల ఎవడో మళ్లీ పోగుచేసేవాడు,
నూగు వేరు, గింజ వేరు.

వాళ్లు మాత్రం ఊరుకుంటారా?
కొండ అవతల్నించి మోత పంపేవాళ్లు,
అర్థం లేని ఉత్త మోత.
మాట ఒక మెట్టు మీద నిలబడితే
ఆ మెట్టునే కూల్చేవాళ్లు.
అందుకని మాట నిలబడేదే కాదు.
తొక్కుడుబిళ్లలో ఒంటికాలి పిల్లలా
ఈ గడిలోంచి ఆ గడిలోకి, సెకనుకి వేల గంతులు.
ఏ గడి తర్వాత ఏ గడో
ఈ చివర గడియారానికి తెలుసు, ఆ చివర గడియారానికి తెలుసు,
మధ్యలో ఆకాశానిక్కూడా తెలియదు.
పైనున్న గిన్నె మోత వచ్చే వైపు
పెడచెవి పెట్టేది.
పెడచెవిన పెట్టడం తప్పని బళ్లో చెప్పారు గానీ
ఇనుముకి ఆ గుణం నేర్పడానికే
ఎంతమంది ఎన్నేళ్లు కూర్చున్నారో.

ఒక మంచు రాత్రి తెరంతా ఇసక పోసినట్టయింది.
పదకొండు నిమిషాలు.
ఆఖరికి ఐదు మాటలు దాటాయి.
ఏ మాటలో అడక్కండి.
తెల్లారేసరికి ఐదుగురు నడిచి వచ్చారు,
ఒకడి కాలికి బూటు లేదు.
టీ పెట్టాను.
చేతులు వణికి సగం ఒలికిపోయింది.

ఇప్పుడు అక్క ఇల్లు క్వారీ అంచున.
నల్లరాతి పలకలు లారీలెక్కి పోతుంటాయి,
కోసిన ప్రతి పలకలో బంగారు చుక్కలు,
రాత్రిని ముక్కలు చేసి అమ్ముతున్నట్టు.
"అన్నేళ్లు అక్కడ ఏంజేశావురా దస్తగిరీ?"
"మాటలు మోశాను."
"దానికి జీతమిచ్చారా!" అని నవ్వింది.
నిజానికి ఆమెకివ్వాల్సింది.

అంతలో సైరన్. తర్వాత పేలుడు,
ఇంకోటి, ఇంకోటి, రేకులు దడదడలాడాయి.
ఆ దుమ్ములో అక్క నోరు కదులుతోంది.
ఒక్క ముక్క వినపడలేదు.
పెదవులు కలిసి విడిపోవడం మాత్రం కనపడింది,
మళ్లీ, మళ్లీ, ప్రతి అక్షరం ముందూ.
జేబులో జుమ్మా టోపీ చేతికి తగిలింది.

లేచి వెళ్లి
చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాను.