వత్తుకు చోటు

మిర్చి అని రాశాను.
తెర మీద మిరి అని వచ్చింది.
చకారం వత్తు బటన్ అంచుకు తెగి
ఎక్కడ పడిందో ఎవరికీ కనబళ్ళేదు.
“ఇదేం కాయ పాపా, కొత్త రకమా?”
గుమాస్తా మస్తాన్‌వలి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు.

మొత్తం మొతమైంది, అమ్మకం అమకమైంది,
రద్దు రదు.
కాటా ఒక్కటే క్షేమం,
దానికి కింద వేలాడేదేమీ లేదు.

నేను రాసే భాషను టికల్ అంటారు.
మీరు విని ఉండరు, ఫరవాలేదు,
మా ఆయన కూడా అదేదో దగ్గు మందనుకున్నాడు.
అరండల్‌పేటలో మూతపడబోయే సెంటర్లో
ఆఖరి బ్యాచ్ ముగ్గురం నేర్చుకున్నాం.
సుగుణకుమారి ఇన్సూరెన్సులో చేరింది,
ఇంకొకతను, పేరు గుర్తు రావడంలేదు, టిఫిన్ బండి పెట్టాడు,
భాష నా దగ్గర మిగిలిపోయింది.
దాంట్లో అన్నీ మాటలే.
అంకెనిచ్చినా ముందు మాటగానే పుచ్చుకుంటుంది.
అందుకే గుంటూరు యార్డులో ఇమిడిందేమో.
ఇక్కడ ధర కూడా ఒకప్పుడు
తువ్వాలు కింద వేళ్లతో చెప్పుకున్న మాటే,
ఆ మాట తిరిగితే
నూరు టిక్కీలు వెనక్కి తిరిగేవి.

ఈ బటన్ను మొదట కొలిచినాయన ఎవరో,
ఆయన అక్షరాలు గీత మీద బుద్ధిగా కూచునేవి అయ్యుంటాయి.
మనవి కూచున్నాక
కాళ్లు కిందికి వేలాడేస్తాయి
లారీ తొట్టి అంచున హమాలీల్లా.
చోటు పెంచమంటే
అది పైనా కిందా సమానంగా పెంచుతుంది,
పంపకాలకొచ్చిన పెద్దమనిషిలా.
నాకు పైన వద్దు. కింద కావాలి.
రెండు రాత్రులు పట్టింది.
పైన ఒక చుక్క, కింద ఆరు.
మూడోరోజు పొద్దున వత్తు దిగింది,
తోకతో సహా.

తర్వాత రంగు.
రద్దుకు ఎరుపు వేశాను, లోకమంతా వేసేదే.
మస్తాన్‌వలి రోజంతా దాన్నే నొక్కాడు.
పదిహేడు చీటీలు గాలికి పోయాయి.
“ఎర్రగా ఉంటే సరుకు బాగున్నట్టే గదా పాపా!”
నలభై ఏళ్లుగా ఆ కళ్లు నేర్చిన పాఠం
నా పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.
నొక్కడానికి వీల్లేక వెలిసిపోయిన బటన్ను మాత్రం
ఎవరూ చెప్పకుండానే పోల్చుకున్నాడు.
“ఇది తాలు,” అన్నాడు,
వేలు దాని దరిదాపులకు కూడా పోనివ్వకుండా.
ఇప్పుడు నా ప్రోగ్రాములో ఒక శైలి పేరు తాలు,
ఒకదాని పేరు తేజ.
భాష అభ్యంతరం చెప్పలేదు. మాటలే గదా.

ఏసోబు వేలు రెండు బటన్ల వెడల్పు.
కాటా దగ్గరి తెర మీద రోజూ సాయంత్రానికి
కారం అంటిన వేలిముద్ర,
నేను గీసిన చోటికి అర అంగుళం ఎడమగా.
మొదట్లో తుడిచేదాన్ని.
తుడిచిన చెయ్యి కంటికి తగిలి ఏడ్చేదాన్ని కూడా.
ఒకరోజు తుడవకుండా
బటన్నే ముద్ర కిందికి జరిపాను.
ఏసోబు ఏమీ గమనించలేదు.
అంతకంటే మెప్పు నాకింతవరకు రాలేదు.

శేషగిరిగారు కొత్తది కొనబోతున్నారు.
బెజవాడ కంపెనీ, బెంజిసర్కిల్ దగ్గర ఆఫీసు,
గుండ్రటి మూలలట, బటన్ల కింద నీడలు కూడా పడతాయట.
చూపించడానికి వచ్చిన కుర్రాడు తెల్లచొక్కా వేసుకున్నాడు,
పాపం, మార్చి నెలలో.
నేనేమీ వాదించలేదు.
“ఒక్కసారి మిర్చి అని కొట్టు నాయనా,” అన్నాను.
మస్తాన్‌వలి కళ్లజోడు అప్పటికే నుదుటి మీదుంది.
కుర్రాడు వేళ్లు పెట్టాడు,
తుమ్మాడు, మళ్లీ తుమ్మాడు.
యార్డులో మొదటిరోజు అందరికీ అంతే.
ఆగాం.