బేగి పొడిచిన చుక్క

సిరిమాను కోటకెళ్లి ఇంకా తిరిగి రాలేదు,
మూడులాంతర్ల దగ్గర రోడ్డు నిండా
జనం విసిరిన అరటిపళ్లు నలుగుతూనే ఉన్నాయి,
మా షాపులో అట్టపెట్టె తెరిచారు.
లోపల, మడతపెట్టిన పచ్చటి చెట్టు.
కొమ్మ కొమ్మా విప్పి వంచుతుంటే
కొత్త చెప్పుల వాసన.

"మీ పండగే కదా దొర్కా,
నువ్వే కట్టు, నీకైతే తెలుస్తాది" అన్నాడు షావుకారు.
నాకేటి తెలుసు?
మా ఇంట ఎప్పుడూ ఇలాంటి చెట్టు లేదు.
భోగాపురం వైపు నుంచి ఎవరో సైకిలు మీద
సరుగుడు కొమ్మ తెస్తే ఇసక డబ్బాలో గుచ్చేవాళ్లం.
మూడోనాటికి మేకకి వేసేసేవాళ్లం.

బయట వాయుగుండం వాన.
చెమట చేతులకి అంటుకుపోతున్న దూదిని
మంచు అనుకోమని కొమ్మల మీద పరిచాను.
ఈ ఊళ్లో మంచంటే
డిసెంబరు తెల్లారగట్ల పాలబండి కనపడకపోవడం,
బెల్లు మాత్రం వినపడడం.

ఒకే గాజుబల్ల మీద
దసరా బొమ్మలు, దీపావళి ప్రమిదలు,
వాటి పక్కన ఎర్రటోపీ తాత.
మీట నొక్కితే నడుం తిప్పుతాడు.
'ముందు కొన్నవారికి ముప్పై శాతం' అని
అతని మెడలో అట్టముక్క నేనే వేలాడదీశాను.
పొద్దస్తమానం ఒకటే పాట.
నవంబరు సగమయ్యేసరికి
గుళ్లో పాడాల్సిన సంతోషం
నా చెవుల్లోనే అరిగిపోయింది.

ఇంట్లో, నాన్న కట్టిన చుక్క అటక మీద ఉంటుంది.
జూటు మిల్లు నడిచే రోజుల నాటిది.
వెదురు బద్దలు, మిల్లు పురికొస,
బొద్దింకలు కొరక్కుండా మైలుతుత్తం కలిపి
ఉడికించిన మైదా జిగురు.
కాగితం ఏటేటా మారుతుంది, కట్టు మారదు.
మిల్లు లాకౌటయింది గానీ
దాని దుమ్ము నాన్న గుండెల్లో
ఇప్పటికీ రాత్రి షిఫ్టు చేస్తోంది.

"పక్కింటోళ్లు కట్టీసినారమ్మా, రంగులు మారేది!"
హనోకు గునుపు.
నిజమే, వాళ్ల డాబా మీద అప్పుడే
ఎరుపు, నీలం, పసుపు, మళ్లీ ఎరుపు.
నాన్న అటక వైపు చూడనైనా లేదు.
"కడుపుతో ఉన్న ఆ పిల్ల ఇంకా నజరేతులోనే ఉందిరా,
గాడిదనైనా విప్పలేదు.
ఇంత బేగి చుక్క కట్టీసి
దారెవలికి చూపిద్దాం?"
స్టాఫుకి పది శాతం తగ్గిస్తారని
చెప్పబోయి ఊరుకున్నాను.
ఆ మిగతాది జీతంలో పట్టుకుంటారు మరి.

ఇరవై నాలుగు, సాయంత్రం ఆరు.
బేరాలు పల్చబడ్డాయని షావుకారు గడియారం చూశాడు.
"అవన్నీ దింపీ దొర్కా. రేపు నీకెలాగూ సెలవు.
పొద్దున్నే డైరీలు, కేలెండర్లు పెట్టాలి."
కట్టిన చేత్తోనే విప్పాను.
తాత నడుంలోంచి బేటరీలు తీశాను.
చెట్టుని దాని పెట్టెలోకి తోసి
మోకాలితో అదిమి టేపు వేశాను.
దేవుడింకా పుట్టనేలేదు,
మా షాపులో పురిటిస్నానం అయిపోయింది.

గంటస్తంభం దాటి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర.
పై వీధిలో కేరల్స్ వాళ్ల డప్పు.
నాన్న స్టూలెక్కి ఉన్నాడు,
హనోకు రెండు చేతులా స్టూలు పట్టుకున్నాడు.
ఈ ఏడు గులాబీరంగు కాగితం.
ఒక కొమ్ము దగ్గర చిరిగితే
ఎవరిదో శుభలేఖ ముక్క అంటించినట్టున్నాడు,
బల్బు వెలగ్గానే
ఒక పెళ్లికూతురి పేరు తిరగబడి కనిపించింది.
నలభై వాట్ల బల్బు. రంగు మారదు.
దాన్ని చూస్తూ నాన్న చాలాసేపు దగ్గాడు.

"తల్లో ఏటే ఆ తెలుపు?"
"దూది నాన్నా. షాపు మంచు."
చెయ్యి చాపి తీసుకున్నాడు, రెండు ఉండలు చేశాడు,
గుడికెళ్లే దారిలో చలేస్తాదని
చెవుల్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, షాపు చుక్క ఇప్పుడేటి చేస్తంది?"
"పెట్టెలో పడుకుంది."
"మళ్లీ ఎప్పుడు లెగుస్తాది?"
"సిరిమాను నాటికి."
"అమ్మో, బేగే!" అన్నాడు హనోకు.
స్టూలు మాత్రం ఇంకా వదల్లేదు.