దగ్గర్లో ఎవరినైనా అడగండి

బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
ఇడ్లీ కొట్టు మీద రెండో అంతస్తు.
మా 'జాడ' ఉండేది అక్కడే.
పదకొండు మందిమి, ఎనిమిది కుర్చీలు.
యార్డు వైపు నుంచి గాలి మళ్ళిన రోజు
మూసిన కిటికీలోంచి కూడా మిరప ఘాటు.
తుమ్మినవాడి వంక ఎవరూ తలెత్తి చూడరు.

పోటీవాళ్ళవి అద్దాల మేడలు.
వాళ్ళ యంత్రం అడక్కముందే చెబుతుందట,
సగం మాట కొడితే మిగతా సగం తనే అందిస్తుందట,
పెళ్ళిచూపుల్లో పిల్ల మేనత్తలా.

మార్చిలో ఒక పొద్దున పెద్దిరాజు గారు
తెల్లబోర్డు అంతా తుడిచి ఒకే ముక్క రాశారు:
ఇకనుంచి మన జాడ 'లేదు' అనకూడదు.

ఆ 'లేదు' నాది.
తొమ్మిదేళ్ళ కింద, తెల్లవారుజామున మూడింటికి,
ఏమీ దొరకని చోట ఏం రాయాలో తోచక
నేను కొట్టిన వాక్యం:
"దొరకలేదు. దగ్గర్లో ఎవరినైనా అడగండి."
ఎవరూ మార్చలేదు. ఎవరూ చూసి ఉండరనే అనుకున్నాను,
చిట్టాలు చదివే పని నా మీద పడేదాకా.

రాత్రిళ్ళు జనం ఏం వెతుకుతారో నాకు తెలుసు.
తేజ రేటు ఈరోజు
తేజ రేటు రేపు
(రేపటిది కూడా అడుగుతారు, పాపం)
తాలు కాయ కొనే వాళ్లు
కోల్డు స్టోరేజిలో బస్తా తక్కువొస్తే ఎవుర్ని అడగాల
ఒత్తులు రాలిపోయిన మాటలు, దీర్ఘం తప్పిన ఊళ్ళు,
నరసరావుపేటకి ఏడు రకాల స్పెల్లింగు.
పాత యంత్రం అందరినీ అదే ఊళ్ళో దింపేది,
ఆఖరి బస్సు డ్రైవరులా, విసుక్కుంటూనే.

కొత్త రూపుకి ఏడు నెలలు పట్టింది.
వాహిదా గడి అంచుల్ని గుండ్రం చేసింది.
రంగు మూడుసార్లు మారి మొదటి రంగు దగ్గరికే వచ్చింది.
నలభై మిల్లీసెకన్లు తగ్గించానని
జోసెఫ్ రాజు అందరికీ బజ్జీలు తెప్పించాడు.
అవి రావడానికి నలభై నిమిషాలు.

పరీక్షించమని నాకిచ్చిన రోజు వాన.
పొద్దున్నే నా గొడుగు ఊచ విరిగింది.
అదే కొట్టాను:
నాలుగో లైను దగ్గర గొడుగు బాగుచేసే ఆయన
కొత్త జాడ తడుముకోలేదు.
మూడు గొడుగుల దుకాణాలు, ఒక రెయిన్‌కోటు, తగ్గింపు ధర,
వాటి పైన పొందికైన పేరా ఒకటి,
గొడుగు బాగుచేయించుకుంటే కలిగే ఐదు లాభాల గురించి.
పెద్దిరాజు గారు నా భుజం మీంచి వంగి
"చూశావా, లేదనలేదు" అన్నారు.
ఆయన కళ్ళ కింద నిద్రలేని నలుపు.
జీతాలకి ఇంకా మూడు నెలలే ఉన్నాయని నాకూ తెలుసు.
నేనూ లేదనలేదు.

కిందికి దిగి ఇడ్లీ కొట్టు సువార్తమ్మని అడిగాను.
చట్నీ గరిటె ఆపకుండానే చెప్పింది:
"మస్తాన్ తాతా? వానైతే శంకర్ విలాస్ కాడ గొడుగులు,
ఎండైతే ఏటుకూరు రోడ్డులో తాళాలు.
ఇయ్యాల శుక్రారం గదా, నమాజుకి పోయుంటాడు.
రెండు దాటినాక పో.
పది రూపాయలు ఎక్కువడుగుతాడు, ఇచ్చెయ్."

వాన, ఎండ, వారం, దేవుడు, పది రూపాయలు.
దీన్ని ఏ గడిలో పట్టించను?

ఆదివారం అర్ధరాత్రి కొత్తది జనంలోకి వెళ్ళింది.
నాలుగు నిమిషాలకి మొదటి ప్రశ్న,
పొన్నూరు వైపు నుంచి:
పాత జాడ యాడుంది
రెప్పపాటులో ఏడు జవాబులు.
వాహిదా, జోసెఫ్ రాజు చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.
పెద్దిరాజు గారు మాత్రం తెరకేసి అలాగే చూస్తూ
"ఎవరై ఉంటారు?" అన్నారు, ఎవరినీ అడగనట్టు.

తలుపు వారన నా గొడుగు ఆరుతోంది.
ఎనిమిది ఊచల్లో ఒకటి వేరే రంగు.